పాసయ్యాం, ఉద్యోగం లేదు: వెతుకులాట ఎక్కడ ఆగిపోతోందో పట్టుకోవడం ఎలా

రిజల్ట్స్ వచ్చిన మొదటి నెల బాగానే ఉంటుంది. "ఇప్పుడేగా అయిపోయింది, చూద్దాంలే" అని ఇంట్లోవాళ్లే అంటారు. అసలు సంగతి మూడో నెల నుంచి మొదలవుతుంది. అప్లై చేస్తావు, జవాబు రాదు. ఆన్‌లైన్ పరీక్ష రాస్తావు, పాసో ఫెయిలో కూడా చెప్పరు. ఇంటర్వ్యూ అయ్యాక హెచ్‌ఆర్ మేడమ్ నవ్వుతూ "విల్ గెట్ బ్యాక్ టు యూ" అంటుంది, ఇక ఆ ఫోన్ మోగదు. ఎవరైనా మొహం మీదే "నువ్వు వద్దు" అంటే ఒక రోజు ఏడ్చి ఊరుకోవచ్చు. ఏమీ చెప్పకుండా వదిలేస్తేనే రోజూ కొంచెం కొంచెం చస్తాం.

నేను 2018లో ఈసీఈ పాసయ్యాను. నరసరావుపేట దగ్గర ఒక కాలేజీ, జేఎన్టీయూ కాకినాడ. క్యాంపస్‌కి పేరున్న కంపెనీలొస్తాయని బ్రోచర్‌లో లోగోలు వేశారు, లోగోలు తప్ప ఏమీ రాలేదు. ఎస్సార్ నగర్ హాస్టల్లో నలుగురు ఉండే గదిలో నెలకు 5,500 కట్టుకుంటూ పదకొండు నెలలు వెతికాను. అందులో కనీసం ఐదు నెలలు దండగ చేసుకున్నాను. ఇప్పుడు చెప్పేదంతా ఆ ఐదు నెలల గురించే అనుకో. నేను రాసేది ఎక్కువగా బీటెక్ వాళ్లకే, ఎందుకంటే నాకు తెలిసింది అదే, కానీ బీకామ్, బీఎస్సీ వాళ్లకీ సగం పైన పనికొస్తుంది.

1. ముందు ఒక నోట్‌బుక్ కొను

నిజంగానే. ఒక లాంగ్ నోట్‌బుక్. ఎక్సెల్ షీట్ అయినా పర్లేదు కానీ నాకు చేత్తో రాసిందే పనిచేసింది, ఫోన్ తీస్తే ఎక్సెల్ బదులు ఇన్‌స్టాగ్రామ్ తెరుచుకునేది. గీతలు గీసి ఆరు గళ్లు పెట్టు: తేదీ, కంపెనీ, ఏ పోస్టు, ఎక్కడ చూశావు, ఏ రెజ్యూమె పంపావు, చివరికి ఏమైంది. అప్లై చేసిన ప్రతిదీ రాయి. మూడు వారాలు దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే ఎర్ర పెన్నుతో కొట్టెయ్. ఆ తర్వాత వాళ్లు పిలిస్తే సంతోషం, వెళ్దువుగాని, కానీ నీ మనసులో అది ఇంక "రావాల్సిన కాల్" లెక్కలో ఉండకూడదు. నాకైతే ఎదురుచూపులు సగానికి సగం అక్కడే తగ్గాయి.

నెల తిరిగాక ఆ నోట్‌బుక్ ముందేసుకుని కూర్చో. అరవై చోట్ల అప్లై చేస్తే ఒక్క ఫోనూ, ఒక్క పరీక్ష లింకూ రాలేదనుకో, నీకు చదువు రాదని కాదు దాని అర్థం, నిన్నింకా ఎవరూ చూడనే లేదు. లోపం రెజ్యూమెలోనో, అప్లై చేస్తున్న చోటులోనో ఉంది. లింకులు వస్తున్నాయి కానీ పరీక్ష దాటట్లేదంటే ఆప్టిట్యూడో కోడింగో చూసుకోవాలి. పరీక్ష దాటి మనుషుల ముందు కూర్చున్నాక పోతోందంటే అది మాట్లాడటంలో, ప్రాజెక్టు చెప్పడంలో ఉంది. ఈ మూడింటికీ మందు వేరు వేరు. మనవాళ్లలో చాలామంది ఎక్కడ కారుతోందో చూసుకోకుండా నేరుగా ఇంకో కోర్సులో చేరిపోతారు. మొన్నటిదాకా జావా, ఇప్పుడు డేటా సైన్స్, వచ్చే నెల ఏఐ. రెజ్యూమె మీద ఫోన్ నంబరే తప్పున్నవాడు పైథాన్ నేర్చుకుని ఏం చేస్తాడు చెప్పు?

నవ్వకు, ఆ వెధవని నేనే.

2. రెజ్యూమె

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర సందులో ఒక జిరాక్స్ షాపు. మర్నాడు మాదాపూర్‌లో వాకిన్ ఇంటర్వ్యూ ఉందని సాయంత్రం వెళ్లి పది కాపీలు తీయించుకున్నాను. ఆ తొందరలో టెన్త్ మెమో నుంచి ఒరిజినల్స్ అన్నీ ఉన్న ఫైలు కౌంటర్ మీదే వదిలేసి వచ్చాను. రాత్రి తొమ్మిదింటికి గుర్తొచ్చి గుండె ఆగినంత పనై పరుగెత్తాను. షట్టర్ సగం దించి నాకోసమే కూర్చున్నాడాయన. "నీ రెజ్యూమె ఒకటి మిషన్ దగ్గరుంటే దాని మీద నంబరుకే నాలుగు సార్లు చేశా తమ్ముడూ, పోవట్లేదు" అన్నాడు. చూసుకుంటే అది కాలేజీలో వాడిన పాత సిమ్. కొత్తది తీసుకున్నాక దానికి రీచార్జి చేయడం మానేశాను, అది ఎప్పుడో చచ్చిపోయింది. నాలుగు నెలలు అదే రెజ్యూమె. డెబ్బై పైచిలుకు అప్లికేషన్లు. వాటిలో ఎవరైనా ఫోన్ చేశారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. "ఏమనుకోకు, పొద్దున్నుంచి నీలాంటివి తొమ్మిది తీశా, అందరి కాగితం మీదా పైన పేరా ఒకటే." అదే, కెరీర్ ఆబ్జెక్టివ్. చాలెంజింగ్ ఎన్విరాన్‌మెంట్‌లో పనిచేసి సంస్థ ఎదుగుదలకు తోడ్పడతానని. సీనియర్ దగ్గర కాపీ కొట్టాను, ఆ సీనియర్ ఇంకెవరి దగ్గర కొట్టాడో.

కాబట్టి ఈ రాత్రికే చేయాల్సిన పనులు. నీ రెజ్యూమె మీద ఉన్న నంబరుకి పక్కవాడి ఫోన్ నుంచి డయల్ చెయ్యి. ఈమెయిల్ ఐడీకి ఒక మెయిల్ పంపి చూడు. ఆ ఐడీలో హీరో పేరూ, రాక్‌స్టారూ లాంటివి ఉంటే కొత్తది తెరువు. ఆబ్జెక్టివ్ తీసెయ్. నాన్న పేరు, పుట్టిన తేదీ, ఊళ్లో ఇంటి అడ్రసు, హాబీలు, కింద "ఐ హియర్‌బై డిక్లేర్" తీసెయ్, వాటిని ఎవరూ అడగలేదు. ఫ్రెషర్‌కి ఒక పేజీ దాటకూడదు. అప్లికేషన్లు వేలల్లో వచ్చే చోట ముందు సాఫ్ట్‌వేరే వడపోస్తుంది కాబట్టి రెండు కాలమ్‌లు, రంగు డబ్బాలు, స్టార్ రేటింగులు ఉన్న డిజైన్ల జోలికి పోకు. జావాలో నాలుగు స్టార్లు అంటే ఏమిటో అసలు? పీడీఎఫ్ చేశాక దాన్ని తెరిచి మొత్తం సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చెయ్యి. అక్షరాలు వరుసలో సరిగ్గా వస్తే సాఫ్ట్‌వేర్ కూడా చదవగలదు. గందరగోళంగా వస్తే దానికీ గందరగోళమే. ఫైలు పేరు "న్యూ రెజ్యూమె ఫైనల్ 3" అని కాకుండా నీ పేరు, పోస్టు పేరు పెట్టు.

ఒకే రెజ్యూమె అందరికీ పంపకు, అలాగని ప్రతి కంపెనీకీ కొత్తది రాయడం కుదిరే పని కాదు. రెండో మూడో చేసి పెట్టుకో. టెస్టింగ్‌కి ఒకటి, డెవలపర్‌కి ఒకటి, సపోర్ట్‌కి ఒకటి. ప్రకటనలో వాళ్లు వాడిన పదం నీకు వచ్చిన పనే అయితే అదే పదం నీ కాగితం మీద కూడా ఉండాలి. వాళ్లు "ఎస్‌క్యూఎల్" అని రాస్తే నువ్వు "డేటాబేసెస్" అని రాసి ఊరుకుంటే ఎవరికి నష్టం? బీకామ్ అయితే ట్యాలీ, జీఎస్టీ రిటర్న్స్, ఎక్సెల్‌లో ఏం చేయగలవో పేరు పెట్టి రాయి.

3. ఎక్కడ అప్లై చేస్తున్నావు

నౌక్రీ ప్రొఫైల్ చేసి వదిలేస్తే లాభం లేదు. ఈ మధ్య లాగిన్ అయినవాళ్లని మాత్రమే చూపించమని ఫిల్టర్ పెట్టుకునే వీలు రిక్రూటర్లకి ఉంటుంది, అందుకే రెండు రోజులకోసారైనా లోపలికెళ్లి ఒక లైను మార్చి సేవ్ చెయ్యి. లింక్డ్‌ఇన్‌లో ఒక్క నొక్కుతో అప్లై అయ్యేవాటికి నీతోపాటు వందల మంది నొక్కుతారు. కంపెనీ పేరు అక్కడ చూసి వాళ్ల సొంత సైట్‌లో కెరీర్స్ పేజీకి వెళ్లి పెట్టడం మేలు. పెద్ద కంపెనీల ఆఫ్ క్యాంపస్ డ్రైవ్‌లు ఏ సంవత్సరం పాసైనవాళ్లకో ముందే రాస్తాయి, ఏడాదో రెండేళ్లో దాటితే ఆ తలుపు మూసుకుంటుంది, అందుకే మొదటి సంవత్సరంలో టీసీఎస్ ఎన్‌క్యూటీ లాంటి పరీక్షలు ఒక్కటి కూడా వదలొద్దు.

వీటన్నిటికంటే ఎక్కువ పనిచేసేది తెలిసినవాళ్లు. మన పిల్లలకి ఇక్కడే మొహమాటం. "వాళ్లని అడగడమేంటి, ఏమనుకుంటారో" అని. కొన్ని కంపెనీల్లో లోపల పనిచేసేవాళ్లు రెఫర్ చేసిన మనిషి చేరితే వాళ్లకే బోనస్ వస్తుంది, కాబట్టి నువ్వేం దానం అడగట్లేదు. కానీ అడిగే పద్ధతి ఉంది. నాకు ఇప్పుడు జూనియర్ల నుంచి వచ్చే మెసేజ్‌లు ఇలా ఉంటాయి: "హాయ్ అన్నా". నేను "చెప్పు" అంటే ఆరు గంటల తర్వాత "ఏదైనా ఓపెనింగ్ ఉందా అన్నా". నేను ఆఫీసులో ఖాళీలన్నీ గుర్తుపెట్టుకుని తిరుగుతానా? ఒకమ్మాయి మాత్రం ఇలా పెట్టింది:

"అన్నా, నమస్తే. మన కాలేజీయే, ఈసీఈ, ఈ ఏడాది పాసయ్యాను. మీ కంపెనీ సైట్‌లో ట్రైనీ టెస్ట్ ఇంజినీర్ పోస్టు చూశాను, జాబ్ ఐడీ కింద ఇచ్చాను. వాళ్లడిగిన 60 శాతం ఉంది, బ్యాక్‌లాగ్స్ లేవు. రెజ్యూమె జత చేశాను. వీలైతే రెఫర్ చేయండి, కుదరకపోయినా పర్లేదన్నా."

నాకు రెండు నిమిషాల పని, చాయ్ తాగుతూ చేసేశాను. ఆ అమ్మాయిని నేను ఇంతవరకూ చూడలేదు. మెసేజ్‌లో ఏముందో చూడు: ఎవరు, ఏ పోస్టు, అర్హత ఉందా, కాగితం. అంతే. వారానికి ఐదుగురికి ఇలా పంపు, నోట్‌బుక్‌లో రాసుకో, పది రోజుల తర్వాత ఒక్కసారి గుర్తుచెయ్యి, మళ్లీ మళ్లీ వద్దు.

4. పరీక్ష దగ్గర పోతుంటే

దీని గురించి పెద్దగా చెప్పేదేం లేదు, చదవాలి. బ్యాక్‌లాగ్ ఉంటే మాత్రం మిగతావన్నీ పక్కనపెట్టి ముందు అది రాసి వదిలించుకో. ఒక్క సబ్జెక్టు ఉండిపోయినా చాలా కంపెనీల ఫారం దగ్గరే ఆగిపోతావు, "తర్వాత క్లియర్ చేస్తా సార్" అని కంప్యూటర్‌కి చెప్పలేం. ఆప్టిట్యూడ్‌లో శాతాలు, నిష్పత్తులు, టైమ్ అండ్ వర్క్, నంబర్ సిరీస్, ఇవే తిరగేసి మరగేసి వస్తాయి. రోజుకి గంట చొప్పున నలభై రోజులు గడియారం పెట్టుకుని చెయ్యి, గడియారం లేకుండా చేసేది లెక్కలోకి రాదు. కెమెరా ముందు రాసే పరీక్షలకి ఊళ్లో కరెంటు సంగతి తెలుసుగా, ల్యాప్‌టాప్ ఫుల్ చార్జింగ్, ఇంకో నెట్‌వర్క్ సిమ్‌తో హాట్‌స్పాట్ సిద్ధంగా ఉండాలి. నా రూమ్మేట్ ఒకడికి నలభయ్యో నిమిషంలో వైఫై పోయింది, వాళ్లకి మెయిల్ పెడితే ఆటోమేటిక్ రిప్లై వచ్చింది.

5. మనుషుల ముందు పోతుంటే

ఫైనలియర్ ప్రాజెక్టు ఎక్కడ చేయించావో నాకు తెలుసు, ఇంటర్వ్యూ చేసేవాడికీ తెలుసు, వాడూ అక్కడే కొన్నాడు. అమీర్‌పేటలోనో విజయవాడలోనో బ్యాచ్‌కి ఇంత అని కట్టి సీడీ, రిపోర్ట్ తెచ్చుకున్న ప్రాజెక్టు గురించి "ఇందులో నువ్వు చేసిందేంటి?" అని అడిగితే నీళ్లు నమలడమే. నేనూ నమిలాను. ఆటోమేటిక్ స్ట్రీట్ లైట్ల ప్రాజెక్టు నాది. సెన్సార్ ఏది వాడావంటే ఎల్డీఆర్ అన్నాను, చీకటి పడితే దాని రెసిస్టెన్స్ పెరుగుతుందా తగ్గుతుందా అన్నారు, ఫిఫ్టీ ఫిఫ్టీ కదా అని తగ్గుతుందన్నాను. పెరుగుతుంది.

అప్పుడు ఐదొందలు పెట్టి సామాను కొనుక్కొచ్చి హాస్టల్ మెట్ల మీద ఒక్క బల్బుకి దాన్నే నా చేత్తో కట్టాను. రెండు రోజులు పట్టింది, ఒకసారి షాక్ కూడా కొట్టింది, వార్డెన్ తిట్టాడు. తర్వాత ఇంటర్వ్యూల్లో నేను దాని గురించే మాట్లాడేవాణ్ని, షాక్ కొట్టిన సంగతితో సహా, వాళ్లు నవ్వేవాళ్లు. చిన్నదే చెయ్యి, నీ చేత్తో చెయ్యి. సాఫ్ట్‌వేర్ అయితే మీ నాన్న కొట్టు అప్పుల పద్దు రాసే చిన్న వెబ్‌సైట్ అయినా సరే. ఎక్కడ పాడైంది, ఎలా బాగుచేశావు అన్నది చెప్పగలిగితే చాలు.

ఇంగ్లిష్ భయం ఉంటే ఫోన్‌లో రెండు నిమిషాల సెల్ఫ్ ఇంట్రడక్షన్ రికార్డ్ చేసి విను. మొదటిసారి వినబుద్ధి కాదు, ఎవరికీ కాదు. బట్టీ పట్టినట్టు ఉంటే మార్చు. "మైసెల్ఫ్ ఫలానా" అనకు, నేరుగా పేరు చెప్పు. ఆగి ఆలోచించి తప్పుల్లేకుండా చెప్పినా బాగానే తీసుకుంటారు. గడగడా మాట్లాడి రాంగ్ చెప్పేవాళ్లతోనే వాళ్లకి విసుగు.

6. డబ్బడిగితే లేచి వచ్చెయ్

మూడు నెలలు జవాబు లేకుండా గడిపినవాడికి ఎవరైనా "నీ ప్రొఫైల్ సెలెక్ట్ అయింది" అని ఫోన్ చేస్తే బుర్ర పనిచేయదు. ఆ సమయం కోసమే వాళ్లు కాచుకుని ఉంటారు. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, డాక్యుమెంట్ వెరిఫికేషన్ చార్జీలు, పేరేదైనా ఉద్యోగం ఇచ్చేవాడు నీ దగ్గర డబ్బు తీసుకోడు. నేను ఒక కన్సల్టెన్సీకి మూడు వేలు కట్టాను. రెండు వారాల తర్వాత వెళ్తే ఆఫీసు ఉంది, కుర్చీలున్నాయి, మనుషులు మారిపోయారు, "ఆ బ్యాచ్ మాకు సంబంధం లేదు" అన్నారు. రసీదు చూపిస్తే దాని మీద కంపెనీ పేరు కూడా వేరు.

ఆఫర్ లెటర్ జీమెయిల్ ఐడీ నుంచి వస్తే అనుమానించు. కంపెనీ పేరు తెలియనిదైతే కార్పొరేట్ వ్యవహారాల శాఖ ఎంసీఏ వెబ్‌సైట్‌లో మాస్టర్ డేటా అని ఉంటుంది, పేరు కొడితే ఎప్పుడు రిజిస్టరైంది, అసలు బతికే ఉందా అనేది కనిపిస్తుంది. పేరున్న కంపెనీ అయితే లెటర్ మీది నంబరుకి చేయకు, వాళ్ల సొంత సైట్‌లో ఉన్నదానికి మెయిల్ పెట్టి అడుగు. టెలిగ్రామ్‌లో రివ్యూలు రాస్తే రోజుకి ఇంత అని మొదట రెండొందలు వేసి తర్వాత వేలు లాగేసే పని ఉద్యోగం కాదు. ఒకవేళ డబ్బు పోయిందనుకో, సిగ్గుపడి దాచుకోకు, వెంటనే 1930కి ఫోన్ చెయ్యి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఖాతాలు మారకముందే ఆపే అవకాశం అంత.

విదేశాల్లో డేటా ఎంట్రీ, బ్యాంకాక్‌లో కంప్యూటర్ ఆపరేటర్, టికెట్ మేమే తీస్తాం, టూరిస్ట్ వీసా మీద రా అంటే మాత్రం అసలు కదలొద్దు. అలా వెళ్లి మయన్మార్, కాంబోడియాల్లో సైబర్ మోసాల డెన్‌లలో ఇరుక్కున్నవాళ్లలో మన తెలుగు పిల్లలు ఎంతోమంది ఉన్నారు. 2025 మార్చిలో థాయిలాండ్‌లోని మే సోట్ నుంచి 500 మందికి పైగా భారతీయుల్ని వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చారు. ఏజెంటుకి లైసెన్స్ ఉందో లేదో విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ సైట్‌లో చూసుకోవచ్చు.

ఇక బ్యాక్‌డోర్, ఫేక్ ఎక్స్‌పీరియెన్స్. అమీర్‌పేటలో ఇది గుసగుస కూడా కాదు, టీ కొట్టు దగ్గర బహిరంగంగానే రేటు చెప్తారు. లక్షన్నర కట్టి మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు పెట్టించుకున్న మా హాస్టల్ అతను ఒకడు నాకంటే ముందే చేరాడు, నాకంటే రెట్టింపు జీతం. నాకు కుళ్లు పుట్టలేదంటే అబద్ధం. ఐదో నెలలో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ యూఏఎన్ నంబర్ మీద పాత కంపెనీ సర్వీసు హిస్టరీ అడిగారు. మూడేళ్లు పనిచేసినవాడి పీఎఫ్ ఖాతాలో ఒక్క నెలా లేదు. అదే రోజు సాయంత్రం సిస్టమ్ వెనక్కి తీసుకుని ఇంటికి పంపేశారు. లక్షన్నర వాళ్ల నాన్న మిర్చి పంట మీద తెచ్చిన అప్పు.

7. ఊరికే ఉన్న నెలల్ని ఏం చేయాలి

"ఈ గ్యాప్‌లో ఏం చేశావు?" అనే ప్రశ్న వచ్చి తీరుతుంది. దానికి మంచి జవాబుల్లో ఒకటి అప్రెంటిస్‌షిప్, మనవాళ్లు చిన్నచూపు చూసేదీ దాన్నే. కేంద్రం నడిపే న్యాట్స్ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకుంటే ఏడాది పాటు గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా చేరొచ్చు. హైదరాబాద్‌లో ఈసీఐఎల్, బీడీఎల్ లాంటి ప్రభుత్వ సంస్థలు, డీఆర్‌డీఓ ల్యాబులు ఇలా తీసుకుంటుంటాయి, చాలాసార్లు మార్కుల మీదే ఎంపిక. స్టైపెండ్ గొప్పగా ఉండదు, 2019 నిబంధనల్లో డిగ్రీవాళ్లకి నెలకి కనీసం 9,000 అని పెట్టారు. ఉద్యోగం పర్మనెంట్ అవుతుందన్న గ్యారంటీ కూడా లేదు. కానీ ఈసీఈ, ఈఈఈ, మెకానికల్ వాళ్లు నిజం మిషన్ల దగ్గర ఏడాది ఉంటే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి బోలెడంత దొరుకుతుంది. నాకు ఈ సంగతి పదో నెలలో తెలిసింది, అదే నా బాధ.

గ్రూప్స్ రాద్దామా, స్టాఫ్ సెలక్షన్ వాళ్ల ఎస్సెస్సీ రాద్దామా అని ఊగిసలాడేవాళ్లకి ఒకటే మాట. కంపెనీల్లో వెతకడం, ఈ పరీక్షలు రెండూ కొంచెం కొంచెం చేయకు. పరీక్షలే రాయాలనుకుంటే రాయి, తప్పేం లేదు, కానీ ఆపే తేదీ ఒకటి ముందే రాసిపెట్టుకో. తెలంగాణ గ్రూప్ 1 చూడు: 2022 అక్టోబర్‌లో ప్రిలిమ్స్ రాశారు, పేపర్ లీకై రద్దయింది, 2023 జూన్‌లో మళ్లీ రాశారు, హైకోర్టు రద్దు చేసింది, 2024 ఫిబ్రవరిలో మళ్లీ కొత్త నోటిఫికేషన్. చిక్కడపల్లి లైబ్రరీలో ఆ మధ్యంతా కూర్చున్నవాళ్ల తప్పేముంది? ఏమీ లేదు. కానీ వాళ్ల వయసు ఆగలేదు కదా.

8. ఇల్లు, చుట్టాలు, రాత్రిళ్లు

అమ్మ ఫోన్ చేసి "తిన్నావా" అంటుంది, ఇంకేమీ అడగదు, ఆ అడగకపోవడమే మోయలేం. నేను ఫోన్లు ఎత్తడం తగ్గించేశాను, అది తప్పు. తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాను: ఆదివారం పొద్దున నేనే చేసి నోట్‌బుక్ చూసి చెప్పేవాణ్ని, ఈ వారం పన్నెండు చోట్ల పెట్టాను, రెండు పరీక్షలు రాశాను, ఒకటి దాటాను. నాన్న ఎరువుల కొట్లో పద్దులు రాసే మనిషి, అంకెలు చెప్తే ఆయనకి నమ్మకం. అప్పట్నుంచి ఆయన ఊళ్లోవాళ్లకి కూడా "మావాడు వారానికి పన్నెండు పెడుతున్నాడు" అని చెప్పడం మొదలుపెట్టాడట.

పెళ్లిళ్లలో "ఏం చేస్తున్నావు బాబూ, మావాడికి పన్నెండు లక్షల ప్యాకేజీ" అనే బాబాయ్ ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. వాదించకు. "వెతుకుతున్నా బాబాయ్, మీవాడి నంబరివ్వండి, రెఫరల్ అడుగుతా" అను. రెండిట్లో ఒకటి జరుగుతుంది, నంబరు వస్తుంది లేదా ఆయన టాపిక్ మారుస్తాడు. నాకు ఒకసారి నంబరొచ్చింది కూడా.

రోజుకి నాలుగు గంటలు గట్టిగా వెతికితే చాలు. పొద్దున పదింటి నుంచి రెండింటి దాకా, తర్వాత చదువు, సాయంత్రం గదిలో ఉండకు. స్టేటస్‌లలో జాయినింగ్ కిట్ల ఫొటోలు పెట్టేవాళ్లని కొన్నాళ్లు మ్యూట్ చెయ్యి, వాళ్లకేం తెలియదు. డబ్బులకి ఇబ్బందైతే ఐదు రూపాయల భోజనం దగ్గర నిలబడటానికి నామోషీ పడకు, అక్కడ నాకు ఇద్దరు ఎంబీఏలు పరిచయమయ్యారు. నిద్ర పట్టక, తిండి సయించక వారాల తరబడి అలాగే ఉంటే, చచ్చిపోదామన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఎవరికైనా చెప్పు. ప్రభుత్వ టెలీమానస్ 14416 ఉంది, ఫ్రీ, ఏ టైమైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

9. ఆఫర్ వచ్చాక

సంతకం పెట్టేముందు సీటీసీని, అంటే కంపెనీ నీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చుని, చేతికొచ్చే జీతంగా మార్చి చూసుకో. ఏడాదికి 3,60,000 అంటే నెలకి 30,000 అనుకుంటాం. బేసిక్ 15,000 అయితే కంపెనీ కట్టే పీఎఫ్ 1,800 అందులోదే, గ్రాట్యుటీ పేరుతో ఇంకో 720 దాకా అందులోదే. నీ వాటా పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే మిగిలేది సుమారు 25,480. పది శాతం వేరియబుల్ పే అని ఉంటే అది నెలనెలా రాదు, సుమారు 22,480 చేతికొస్తుంది. గది అద్దె ఈ లెక్క మీద చూసుకో, 30 వేల మీద కాదు.

బాండ్ ఉంటే ఎన్నాళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నది చదివి పెట్టు. "అవి కోర్టులో చెల్లవులే" అనే సీనియర్లు ఉంటారు, 2025లో ఒక ప్రభుత్వ బ్యాంకు బాండ్ కేసులో 2 లక్షలు కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు బ్యాంకు వైపే చెప్పింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ వదిలిపెట్టి రాకు, చూపించి వెనక్కి తెచ్చుకో.

నాకు ఆఫర్ వచ్చింది 2019 మేలో. టెస్టింగ్, చిన్న కంపెనీ. వాకిన్‌లకి 10హెచ్ బస్సులో వేలాడుతూ వెళ్లినవాణ్ని జాయినింగ్‌కి మెట్రోలో వెళ్లాను, అప్పటికి హైటెక్ సిటీ లైను తెరిచి రెండు నెలలైంది. ముందురోజు టెన్త్ మెమో, ఇంటర్ మెమో, మార్కుల మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్, ఆధార్, పాన్ అన్నీ నాలుగు సెట్లు జిరాక్స్ కావాలన్నారు. అదే షాపుకి వెళ్లాను. ఆయన సెట్లు పిన్ చేసి ఇచ్చాక, ఒరిజినల్స్ ఫైలు నా చేతిలో పెట్టి, అది నా బ్యాగులోకి వెళ్లిందని చూసుకుని మరీ డబ్బులు తీసుకున్నాడు.